కవి తన బాధను ఎవరి నోట పలికిస్తాడు?

పాత కవిత్వంలో వర్ణనలే తప్ప కవి కనబడడని చాలామంది అభిప్రాయం. ప్రబంధం తెరిస్తే పురవర్ణన, ఋతువర్ణన, నాయిక అందచందాల వర్ణన. రాసినవాడి ప్రేమ, దిగులు, భయం ఎక్కడున్నాయో తెలియదు. సొంత మనసు విప్పి చెప్పడం ఇరవయ్యో శతాబ్దంలో భావకవులతోనే మొదలైందని, అంతకు ముందున్నదంతా రాజుల కోసమో దేవుళ్ళ కోసమో రాసిందని అనుకుంటూ ఉంటాం. ఇది సగం నిజం. పాతవాళ్ళకూ సొంత బాధలున్నాయి, వాటిని చెప్పుకున్నారు కూడా. కాకపోతే చెప్పుకునే దారులు వేరు. ఆ దారులు తెలియకపోతే పద్యం కళ్ళముందే ఉన్నా మనిషి కనబడడు.

ఈ సంగతి ఇప్పుడు తెలుసుకోవడానికి కారణం ఉంది. చేతిలో ఫోను ఉన్న ప్రతి కుర్రవాడూ ఈ రోజు ఏదో ఒక కవిత రాసి నలుగురికీ పంపగలడు. మంచిదే. అయితే వాటిలో చాలావరకు 'బాధగా ఉంది', 'గుండె పగిలింది' అని భావం పేరు చెప్పి ఊరుకుంటాయి. పేరు చెప్పినంత మాత్రాన బాధ ఎదుటివాడికి చేరదు. ఎలా చేరుతుందన్నదే రెండు వేల ఏళ్ళుగా కవులు పట్టించుకున్న ప్రశ్న. దానికి వాళ్ళు కనుక్కున్న జవాబులు చూడటానికి నూజివీడు మామిడితోటల కంటే అనువైన చోటు లేదు. అందులో చాలా జవాబులు మామిడిచెట్టు చుట్టూ తిరుగుతాయి, కొన్ని ఈ కృష్ణా తీరంలోనే పుట్టాయి.

ముందు పూత సంగతి చూద్దాం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు తోటల్లో మామిడి డిసెంబరు, జనవరి నెలల్లో పూతకు వస్తుంది. ఒక్కో పూగుత్తికి వందలు, ఒక్కోసారి వేల పూలుంటాయి. అందులో చివరిదాకా నిలిచి కాయ అయ్యేవి ఒకటో రెండో. మిగతాదంతా రాలిపోతుంది. మంచు ఎక్కువైనా, మబ్బు పట్టినా, తేనెమంచు పురుగు చేరినా ఆ ఒకటీ రెండూ కూడా దక్కవు. ఆ పురుగు రసం పీల్చి వదిలే జిగురు ఆకుల మీద పడి, దాని మీద నల్లగా మసి పడుతుంది. పూత మీదే తోట కొన్న వ్యాపారికి ఆ నల్ల మరక చూస్తే ప్రాణం జారిపోతుంది.

అదే పూత సంస్కృత కవికి మన్మథుడి బాణం. మన్మథుడి అయిదు బాణాల్లో మామిడిపువ్వు ఒకటి. తామర, అశోకం, మల్లె, నల్లకలువ మిగతా నాలుగు. మామిడి పూసిందని కవి రాస్తే విరహం మొదలైందని పాఠకుడికి అర్థమైపోవాలి. ఇలా కవులూ చదువరులూ ముందే ఒప్పుకున్న గుర్తును కవిసమయం (కవుల మధ్య కుదిరిన వాడుక) అంటారు. మావి చిగురు తిని కోయిల గొంతు తీపెక్కిందనడమూ ఇలాంటిదే. నిజానికి కోయిల ఎక్కువగా తినేది పళ్ళు, అది గొంతెత్తి కూసేది జతకట్టే కాలం కాబట్టి. కవికి ఆ లెక్కతో పని లేదు.

గమనించవలసిన సంగతి ఒకటుంది. పూతలో విరహమూ లేదు, భయమూ లేదు. తోట కౌలుకు తీసుకున్నవాడికి అది అప్పు, ఊరు విడిచి వెళ్ళినవాడి భార్యకు అది ఎదురుచూపు. భావం వస్తువులో ఉండదు, వస్తువుకూ మనిషికీ మధ్య ఉంటుంది. ఈ మాటను మన పెద్దలు చాలా ముందే సిద్ధాంతం చేశారు. భరతుడి నాట్యశాస్త్రం చెప్పే రసప్రక్రియ అదే. విభావం (భావాన్ని పుట్టించే కారణం, సందర్భం), అనుభావం (ఒంటి మీద బయటికి కనిపించే గుర్తు), సంచారిభావం (మధ్యలో వచ్చిపోయే చిన్న చిన్న భావాలు) మూడూ కలిస్తేనే చూసేవాడి మనసులో రసం పుడుతుంది. నటుడు 'నాకు శోకం' అని అరిచినంత మాత్రాన పుట్టదు. ఇంగ్లీషు కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ 1919లో హామ్లెట్ నాటకం మీద రాసిన వ్యాసంలో దాదాపు ఇదే మాట అన్నాడు. భావానికి సరిపడే వస్తువుల, సంఘటనల వరుస దొరికితే తప్ప కళలో దాన్ని పలికించలేమని ఆయన వాదం.

ఈ సూత్రం పనిచేసే తీరు చూడాలంటే కాళిదాసు శాకుంతలం ఆరో అంకం చాలు. ఉంగరం దొరికింది. దుష్యంతుడికి శకుంతల గుర్తొచ్చింది, చేసిన తప్పూ గుర్తొచ్చింది. ఇక్కడ రాజును వెంటనే రంగం మీదికి తెచ్చి ఏడిపించవచ్చు. కాళిదాసు అలా చేయలేదు. ముందుగా ఇద్దరు తోటపని అమ్మాయిలను పంపాడు. ఒకమ్మాయి మామిడి మొగ్గ చూసి మురిసిపోయి, తుంచి మన్మథుడికి అర్పిస్తుంది. అంతలో కంచుకి (అంతఃపురపు ఉద్యోగి) వచ్చి కోప్పడతాడు. రాజు ఈ ఏడు వసంతోత్సవం వద్దన్నాడని తెలియదా అంటాడు. ఆ ఆజ్ఞను చెట్లూ పిట్టలూ కూడా పాటిస్తున్నాయని చెబుతాడు. మామిడి మొగ్గ తొడిగి ఎన్నాళ్ళయినా పుప్పొడి పట్టలేదు. చలి పోయినా కోయిల కూత గొంతులోనే ఆగింది. మన్మథుడు సగం లాగిన బాణాన్ని వెనక్కి పెట్టేశాడు. రాజు ఇంకా కనబడనే లేదు. ఆయన దుఃఖం ఎంతటిదో మనకు తెలిసిపోయింది. ఒక ఋతువునే నిలిపేసిన దుఃఖం అది.

ఇక్కడ కాళిదాసు సొంత బాధ ఎంత, దుష్యంతుడిది ఎంత అని ఎవరూ చెప్పలేరు. ఆ కాలానికి ఆ ప్రశ్న ముఖ్యం కాదు కూడా. బాధను పాత్రకు అప్పగించి కవి పక్కకు తప్పుకుంటాడు. ప్రాచీన భారతదేశంలో ఇది మొదటి పద్ధతి.

ఈ అప్పగింత ప్రాకృత, తమిళ కవుల దగ్గర ఇంకా తేటగా ఉంటుంది. శాతవాహన రాజు హాలుడి పేరుతో ఉన్న గాథాసప్తశతిలో ఏడు వందల చిన్న పద్యాలున్నాయి. భాష మహారాష్ట్రీ ప్రాకృతం. మాట్లాడేది ఎక్కువగా పల్లెటూరి ఆడవాళ్ళు. కోడలు, అత్త, చెలికత్తె, దేశాంతరం వెళ్ళినవాడి భార్య. గోదావరి ఒడ్డు, పొలాలు, వానాకాలపు దారులు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వీటిలో కొన్నింటిని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. రాజుల కాలపు కావ్యంలో రాజు లేకపోవడం, ఒక కోడలు అత్తకు తెలియకుండా చెప్పే మాట ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

తమిళ సంగం కవులు దీన్ని ఒక శాస్త్రంలా పాటించారు. ప్రేమ కవిత్వాన్ని వాళ్ళు అగం (లోపలి సంగతి) అన్నారు. కొండ, అడవి, పొలం, సముద్రతీరం, ఎండిన నేల అని అయిదు రకాల నేలలు, ఒక్కోదానికి ఒక్కో భావం. కొండ నేల కలయికకు, పొలం నేల భర్త పరాయి పంచన చేరినప్పుడు పుట్టే అలకకు. ప్రేమికుల పేర్లు ఎక్కడా చెప్పకూడదు. పేరు చెబితే అది లోపలి సంగతి కాకుండా పోతుంది. కురుంతొగై సంకలనంలో ఎనిమిదో పద్యం ఈ పొలం నేలకు చెందినదే. మాట్లాడేది భార్య కాదు, అతను ఉంచుకున్న మనిషి. పొలం గట్టు మీది మామిడిచెట్టు నుంచి పండిన కాయ రాలితే చెరువులో చేప దాన్ని అందుకునే ఊరివాడు అతను అని మొదలుపెడుతుంది. మా ఇంట్లో ఉన్నప్పుడు గొప్పలు పోయాడు, తన ఇంటికి వెళ్ళాక కొడుకు తల్లి ముందు అద్దంలో బొమ్మలా చెయ్యెత్తమంటే చెయ్యి, కాలెత్తమంటే కాలు అంటూ ముగిస్తుంది. చేపకు పండు దొరికిన తీరే ఈ కథంతా. కష్టపడకుండా వచ్చి పడింది, అందుకే విలువ లేదు. ఈ పద్ధతిని ఉళ్ళురై (లోపల దాచిన పోలిక) అంటారు. పోలిక అని చెప్పకుండానే పోలిక. అక్కసు, అవమానం, ఇంకా మిగిలిన ప్రేమ అన్నీ ఆ పండులో ఉన్నాయి.

ఇదే అక్కసు, ఇదే అవమానం పదిహేడో శతాబ్దంలో మన కృష్ణా జిల్లా మనిషి నోట తెలుగులో వినిపించింది. 2022 ఏప్రిల్ దాకా నూజివీడూ మొవ్వా ఒకే జిల్లా. ఇప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, మొవ్వ కృష్ణాలో ఉండిపోయింది. మొవ్వ వేణుగోపాలస్వామి ముద్రతో పదాలు కట్టిన క్షేత్రయ్య ఆ ఊరివాడని సంప్రదాయం. కూచిపూడి అక్కడికి కూతవేటు దూరం. ఆయన తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర, మధుర తిరుమల నాయకుడి దగ్గర, గోల్కొండలో పాడినట్టు ఒక పదంలో చెప్పుకున్నాడు. ఆ లెక్క ప్రకారం నాలుగు వేలకు పైగా పదాలుండాలి. మనకు మిగిలినవి కొన్ని వందలు.

క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. ఒక్కో పదం ఒక్కో సందర్భం. రాత్రంతా రాకుండా తెల్లవారాక ఒంటి మీద వేరే గుర్తులతో వచ్చినవాడిని నిలదీసే ఖండిత. కోపంతో పంపేసి, తరవాత తనను తాను తిట్టుకునే కలహాంతరిత. అలంకారశాస్త్రం నాయికలను ఎనిమిది అవస్థలుగా విడదీసింది. ఆ విభజన క్షేత్రయ్యకు ముందే ఉంది. ఆయన చేసిందేమిటంటే, ఆ అవస్థల్లోకి వాడుక భాషను, ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే తీరును తెచ్చాడు. కొన్ని పదాల్లో డబ్బు సంగతి కూడా దాచుకోకుండా వస్తుంది. నాయిక బేరం ఆడుతుంది, పాత బాకీ గుర్తుచేస్తుంది, మరుక్షణం మనసు చెదిరి మెత్తబడుతుంది. ఇక్కడ శాస్త్రం పోయి మనిషి నిలబడుతుంది.

ఈ బాధ క్షేత్రయ్యదా, ఆ స్త్రీదా, దేవుడి కోసం తపించే భక్తుడిదా? నా ఉద్దేశంలో మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం లేదు. ఆ పదం మూడు చోట్లా నిలబడేలా కట్టి ఉంది. దానికి నాలుగో చోటు కూడా ఉంది. అభినయించే మనిషి. పదాన్ని విళంబకాలంలో (నిదానంగా) పాడతారు. ఒకే పంక్తిని నాలుగైదు సార్లు తిరిగి పాడుతుంటే నర్తకి ఒకసారి ఎత్తిపొడుపుగా, మరోసారి బతిమాలుతూ, ఇంకోసారి తనలో తాను అనుకుంటున్నట్టు చూపిస్తుంది. కవి భావాన్ని పూర్తిగా నింపి మూత పెట్టలేదు, నింపుకోవడానికి చోటు వదిలాడు. అందుకే ఈ తెలుగు పదాలు తమిళదేశంలో వీణ ధనమ్మాళ్ వంటి కళాకారిణుల కుటుంబాల్లో తరాల తరబడి సజీవంగా నిలిచాయి. తమ బతుకు అందులో ఉందని వాళ్ళకు తెలుసు.

పదం చివర 'మువ్వగోపాల' అన్న ముద్ర వస్తుంది. ఉర్దూ గజల్లో ఆఖరి షేర్‌లో (రెండు పంక్తుల పద్యంలో) కవి తన తఖల్లుస్ (కలం పేరు) పెట్టుకోవడం కూడా ఇలాంటి ఏర్పాటే, కాని పని వేరు. గాలిబ్ (1797–1869) తన పేరు పెట్టి తననే పరాయివాడిలా పిలిచి మాట్లాడతాడు. తన మీద తాను జాలిపడకుండా, కాస్త దూరం నిలబడి చూసుకోవడానికి అది వీలు. క్షేత్రయ్య ముద్రలో కవి పేరే లేదు, ఎదుటివాడి పేరుంది. చెప్పేవాడు మాయమై వినేవాడు మిగులుతాడు. అన్నట్టు గాలిబ్‌కు మామిడిపళ్ళంటే ప్రాణం, పళ్ళు పంపమని, పంపినందుకు సంతోషమని ఆయన ఉత్తరాల్లో చాలాచోట్ల ఉంటుంది. చిన్నరసం పండు ఆయన దాకా చేరలేదేమో అని నూజివీడు వైపు వాళ్ళకు అనిపించడం సహజం.

అయితే మన పాతకవులు ఎప్పుడూ వేషం వేసుకునే మాట్లాడారా? లేదు. 'నేను' అని నేరుగా చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవ మీద తన విసుగును దాచుకోలేదు. కాని నాకు అన్నిటికన్నా బలంగా తోచేది శ్రీనాథుడి పేరుతో నిలిచిన చాటుపద్యం (సందర్భాన్ని బట్టి అప్పటికప్పుడు చెప్పిన విడి పద్యం). ఇలాంటి పద్యాలను వెదికి చాటుపద్యమణిమంజరిగా అందించిన వేటూరి ప్రభాకరశాస్త్రి కూడా కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లి మనిషే.

సందర్భం ఇదని చెబుతారు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగి, కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు. రాజ్యాలు పోయాయి. ముసలితనంలో బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడు. కృష్ణ వరదకు పంట పోయింది. పన్ను కట్టలేకపోయాడు. శిక్ష వేశారు. పద్యంలో ఆయన తన ఒంటిని ఒక్కో భాగంగా చూపిస్తాడు. మెడకు ఏం తగిలించారో, కాళ్ళకు ఏ సంకెళ్ళు వేశారో, ముంజేతికి ఏ వెదురు కట్టారో, భుజం మీదికి ఏ నల్లరాయి ఎక్కిందో. ప్రతి అవయవానికీ ముందు తన పాత బిరుదునో, రాసిన కావ్యాన్నో తగిలిస్తాడు. ఆ తరవాత లెక్క చెబుతాడు. ఫలసాయం కృష్ణమ్మ పట్టుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టలు తినేశాయి, ఏడు వందల టంకాలు ఎలా కట్టేది?

దుఃఖం అన్న మాట అందులో లేదు. ఉన్నది శరీరం, బిరుదు, పంట, పిట్టలు, అప్పు. అయినా ఆరు వందల ఏళ్ళ తరవాత చదివినా గొంతు పట్టేస్తుంది. ఎందుకు? ఘనత, అవమానం ఒకే అవయవం మీద పక్కపక్కనే పెట్టాడు. రెంటి మధ్య దూరాన్ని కొలిచే పని మనకు వదిలేశాడు. ఆ చివరి లెక్క మరీ నిజం. గాలివానకు కాయంతా రాలిపోయిన ఏడాది తోట కౌలుదారు మాట్లాడితే అచ్చం ఇలాగే ఉంటుంది. మందులకింత, కాపలాకింత, మిగిలిందింత. మనిషి బాగా దెబ్బతిన్నప్పుడు ముందు నోటికొచ్చేది లెక్కే.

భద్రాచల రామదాసు దగ్గరా ఇదే కనబడుతుంది. గోల్కొండ చెరసాలలో ఉండి, గుడి కోసం ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాడో, ఎవరికి ఏ నగ ఎన్ని వరహాలకు చేయించాడో రాముడికి ఏకరువు పెడతాడు. కోపంతో నిలదీస్తాడు. వెంటనే, దెబ్బలకోర్వలేక అన్నాను, కోపం పెట్టుకోకు అని సర్దుకుంటాడు. తిట్టు, దాని వెనకే క్షమాపణ. ప్రేమ ఉన్నచోటే ఈ వరుస ఉంటుంది.

తిట్టడం దుఃఖానికి చాలా పాత భాష. మన పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టడం విన్నవాళ్ళకు ఇది తెలుసు. పోయిన మనిషినే నిలదీస్తారు. నన్నెవరికి అప్పజెప్పావు, చెప్పకుండా ఎలా పోయావు, ఈ పిల్లల మొహం చూడలేదా అని. గాలిబ్ తాను కొడుకులా చూసుకున్న ఆరిఫ్ 1852లో పడుచు వయసులో చనిపోతే చెప్పిన గజల్ కూడా ఇదే తీరు. అంత తొందరేమొచ్చింది, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే నేనూ వచ్చేవాడిని కదా అని పోయినవాడితో దెబ్బలాట. ఢిల్లీ కవికీ నూజివీడు పక్క పల్లెలో శోకం పెట్టే ముసలమ్మకూ పరిచయం ఉండే వీలు లేదు. ఇద్దరూ ఒకే పని చేశారు. చచ్చిపోయిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే తప్ప ఆ మాట నోట రాదు.

దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టినవాడు చీనా కవి దూ ఫూ. 756లో తిరుగుబాటుదారుల చేతికి చిక్కి రాజధాని చాంగాన్‌లో ఉండిపోయాడు. భార్యాపిల్లలు దూరంగా మరో ఊళ్ళో ఉన్నారు. ఒక వెన్నెల రాత్రి పద్యం రాశాడు. అందులో తన బెంగను నేరుగా చెప్పుకోడు. అక్కడ భార్య ఒంటరిగా అదే చంద్రుణ్ణి చూస్తూ ఉంటుందని, పిల్లలు మరీ చిన్నవాళ్ళు కాబట్టి అమ్మ ఎందుకు చూస్తోందో వాళ్ళకు తెలియదని, మంచుకు ఆమె జుట్టు తడిసి ఉంటుందని, వెన్నెల్లో చేతులు చల్లబడి ఉంటాయని ఊహిస్తాడు. తన బెంగను ఆమె ఒంటి మీద చూపించాడు. ఎంత ప్రేమ ఉంటే జుట్టు తడి దాకా ఊహ వెళుతుంది!

ఒంటి సంగతి వచ్చింది కాబట్టి గ్రీకు కవయిత్రి సాఫోను తలుచుకోవాలి. క్రీస్తుకు ముందు సుమారు 600లో లెస్బోస్ దీవిలో ఉండేది. ఆమె కవిత ఒకటి, ఒక విమర్శకుడు ఉదాహరణగా ఎత్తి రాసుకోవడం వల్ల, కొంత మిగిలింది. ప్రేమించిన మనిషిని చూస్తే తనకేమవుతుందో వరుసగా చెబుతుంది. నోరు పెగలదు, చర్మం కింద మంట, కళ్ళు కనబడవు, చెవుల్లో హోరు, చెమట, వణుకు, రంగు మారిపోవడం, చచ్చిపోతున్నట్టుండటం. ఇప్పుడు మన నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు (మనసు కదిలితే ఒంట్లో దానంతటదే పుట్టే మార్పులు) చూడండి. స్తంభించిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు జీర, వణుకు, రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం. ఎనిమిదింటిలో చాలావరకు కలుస్తాయి. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని దీనికి అర్థం కాదు. ఆచారాలు, ఉపమానాలు దేశాన్ని బట్టి మారతాయి. చెమట మారదు.

ఇక ఇరవయ్యో శతాబ్దంలో ఏం మారింది? ఇంగ్లీషు చదువు వచ్చింది. వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ చేతికొచ్చారు. అచ్చుయంత్రం, పత్రికలు వచ్చాయి. రాజు పోయి పాఠకుడు వచ్చాడు. రాజసభలో పది మంది ముందు చదివే కవి వేషం వేసుకోవాలి. ఎక్కడో ఒంటరిగా కూర్చుని చదివే పాఠకుడికి రాసే కవి చెవిలో చెప్పినట్టు చెప్పవచ్చు. 'నేను' బయటికి రావడానికి ఇదీ ఒక ముఖ్య కారణం. రాయప్రోలు సుబ్బారావు దారి వేశారు. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చింది, దిగులే ఒక తరం యువకులకు భాష అయింది.

ఆ కాలం కవుల్లో బసవరాజు అప్పారావు (1894–1933) మనకు దగ్గరివాడు. ఇప్పుడు విజయవాడలో కలిసిపోయిన పటమటలో పుట్టారు. గాంధీ మీద ఆయన రాసిన పాట, గొల్లపిల్లవాడి పాట 1938 నాటి మాలపిల్ల సినిమాతో ఇంటింటికీ వెళ్ళాయి. కాని ఆయన ఆయువుపట్టు మామిడిచెట్టునూ మాధవీలతనూ గురించిన పాటలో ఉందని నాకనిపిస్తుంది. చెట్టును లత అల్లుకోవడం, ఆ అల్లిక తెగిపోవడం, అంతే కథ. మామిడి, మాధవి జంటగా సంస్కృత కావ్యాల నుంచీ వస్తున్నవే. కవిసమయం పాతది, పలికిన గొంతు మాత్రం ఇంట్లో మనిషిది, పల్లెపాట వరసది. భావకవిత్వం పాతదాన్ని తోసేసి వచ్చిందనుకుంటాం కాని ఈ పాటలో కాళిదాసు మామిడిచెట్టే మళ్ళీ చిగిర్చింది. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ కూడా సౌదామిని పేరుతో కవిత్వం రాశారు. తమ సహజీవనం గురించి 'అప్పారావుగారూ - నేనూ' అన్న పుస్తకం రాశారు. కవి మనసు ఇంట్లోవాళ్ళకు ఎలా కనబడుతుందో తెలుగులో చదవడానికి దొరికే అరుదైన పుస్తకం అది.

పేరు పెట్టి ఏడవడం కూడా అప్పుడే వచ్చింది. నాయని సుబ్బారావు తల్లి కోసం మాతృగీతాలు రాశారు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయాక వరలక్ష్మీ త్రిశతి రాశారు. శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని చనిపోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చారు. వీటిలో మొదటి రెండింటిని స్మృతికావ్యాలు (పోయినవారి తలపులో రాసినవి) అంటాం. సంగం కవి పేరు చెప్పకూడదన్నాడు, వీళ్ళు పేరు చెప్పకుండా ఉండలేకపోయారు. పద్ధతి పూర్తిగా తిరగబడింది.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక లోటుంది. ఎవరి నోట చెప్పాలన్నది ఒక ప్రశ్న. ఎవరి నోరు తెరవనిచ్చారన్నది మరో ప్రశ్న. ఆడవాళ్ళ గొంతుతో మగకవులు వేల పదాలు పాడారు. పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని అనే స్త్రీ రాధికాసాంత్వనంలో శృంగారం రాస్తే, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని అచ్చు వేయించాక ప్రభుత్వం నిషేధించింది. నాయికకున్న స్వేచ్ఛ కవయిత్రికి లేకపోయింది. ఇళ్ళలో ఆడవాళ్ళు ఊర్మిళాదేవి నిద్ర లాంటి పాటలు పాడుకుంటూ తమ సంగతి ఊర్మిళ మీద పెట్టి చెప్పుకున్నారు. 1993లో రచయిత్రి ఓల్గా సంపాదకత్వంలో నీలిమేఘాలు స్త్రీవాద కవితా సంకలనం వచ్చేనాటికి ఊర్మిళ అవసరం తీరింది, 'నేను' అన్నారు.

కులం మూసిన నోటి విషయంలో జాషువ చేసింది మరీ గొప్ప పని. 1941 నాటి గబ్బిలం సందేశకావ్యం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని భార్య దగ్గరికి పంపాడు. జాషువ కావ్యంలో గుడిలోకి రానివ్వని పేదవాడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. గబ్బిలమే ఎందుకు? నూజివీడు రైతుకు అది పండిన కాయ కొరికి పోయే జీవి, ఇంట్లో దూరితే అరిష్టం. ఎవరూ దగ్గరికి రానివ్వనిది. అయినా గుడిలోపల, దేవుడి నెత్తి మీద తలకిందులుగా వేలాడే హక్కు దానికి ఉంది, మనిషికి లేదు. ఈ ఒక్క ఎంపికతో వాదమంతా అయిపోయింది. పాత రూపాన్ని వదలకుండా, అందులో కొత్త దూతను నిలబెట్టి, సొంత బాధను ఒక జాతి బాధగా వినిపించాడు. కాళిదాసును చదివినవాళ్ళెవరూ ఆ పిలుపు వినకుండా తప్పించుకోలేకపోయారు.

ఇన్ని పద్ధతులు చూశాక రాసే కుర్రవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. భావం పేరు రాయాలనిపించినప్పుడు ఆగి, ఆ క్షణంలో మీ కళ్ళముందు ఏముందో రాయండి. శ్రీనాథుడికి పెసలున్నాయి, దూ ఫూకు తడిసిన జుట్టుంది, మీకూ ఏదో ఉంటుంది. చదివేవాళ్ళకు ఇంకో మాట. పాత పద్యంలో పూత, కోయిల, చెలికత్తె ఎదురైతే అలంకారమని దాటేయకండి. కవి తన గొంతు అక్కడే పెట్టి ఉండవచ్చు.

నూజివీడు, మైలవరం, తిరువూరు వైపు ఇళ్ళకు ఒక విన్నపం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోతల రోజులు, పిల్లలకు సెలవులు కూడా అప్పుడే. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో అప్పగింతల పాటలు, ఊర్మిళ పాట, పనిపాటలు వచ్చి ఉంటే ఫోనులో రికార్డు చేయించండి. పాటతో పాటు ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ సందర్భంలో పాడేదో కూడా అడిగి కాగితం మీద రాసి పెట్టండి. ఆ పాటల్లో చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు.